పాత డ్రైవ్-ఇన్ రెస్టారెంట్ ఎక్కడైనా మిగిలుందేమో కనిపెట్టడం, దొరికితే కార్లోనే కూర్చుని సరిగ్గా తిని రావడం ఎలా

ముందు ఒక గందరగోళం తీర్చేద్దాం. డ్రైవ్-ఇన్ అనగానే సగం మందికి కార్లోంచి చూసే సినిమా తెర గుర్తొస్తుంది, మిగతా సగం మందికి క్యూలో వెళ్ళి కిటికీ దగ్గర సంచీ అందుకుని వెళ్ళిపోయే డ్రైవ్-త్రూ గుర్తొస్తుంది, నేను చెప్పేది ఆ రెండూ కాదు. మీరు కారు తీసుకెళ్ళి ఓ రేకుల పందిరి కింద ఆపుతారు, ఇంజన్ ఆపేస్తారు, లోపల్నుంచి ఒక మనిషి మీ కారు దాకా వచ్చి ఆర్డర్ తీసుకుంటారు, కాసేపటికి తిండి ట్రేలో పెట్టుకొచ్చి ఆ ట్రేని మీ కిటికీ అద్దానికి తగిలిస్తారు, మీరు అక్కడే కూర్చుని నిదానంగా తింటారు, అయ్యాక వాళ్ళే వచ్చి ట్రే పట్టుకెళ్తారు. అలా వచ్చే మనిషిని అమెరికాలో కార్‌హాప్ అంటారు. ఈ కార్‌హాప్ లేకపోతే మిగతాదంతా ఉన్నా నా లెక్కలో అది డ్రైవ్-ఇన్ కాదు, గోడ మీద పాత షెవర్లే బంపర్ తగిలించి గులాబీ రంగు నియాన్ లైట్లు పెట్టి లోపల టేబుల్స్ వేసి కూర్చోబెట్టే "రెట్రో" డైనర్లు బోలెడున్నాయి, అవి తినడానికి బాగుంటే బాగుండొచ్చు గానీ మనం వెతికేది వాటి కోసం కాదు.

అమెరికాలో ఉంటున్నవాళ్ళకి, లేదా అక్కడికి వెళ్ళి రోడ్ ట్రిప్ ప్లాన్ చేసుకునేవాళ్ళకి ఇది పనికొస్తుందని రాస్తున్నా. ఒకప్పుడు ఊరికి నాలుగు ఉండేవి, ఇప్పుడు పనిగట్టుకుని వెతికితే తప్ప కనపడవు.

ఎందుకు పోయాయో తెలిస్తేనే ఎక్కడ మిగిలాయో తెలుస్తుంది

ఇది చరిత్ర పాఠం అనుకుని దాటేయకండి, వెతకడానికి ఇదే మ్యాప్. 1921లో టెక్సస్‌లో, డల్లాస్ నుంచి ఫోర్ట్ వర్త్ వెళ్ళే రోడ్డు మీద, జెస్సీ కర్బీ అనే ఆయన ఒక డాక్టర్‌తో కలిసి పిగ్ స్టాండ్ అని పెట్టాడు, పంది మాంసం శాండ్‌విచ్‌లు కారు దగ్గరకే తెచ్చిచ్చే పద్ధతి. సాధారణంగా మొదటి డ్రైవ్-ఇన్ అని దాన్నే చెప్తారు. అది వంద బ్రాంచీలు దాటింది, తర్వాత ఒక్కొక్కటీ తగ్గుతూ తగ్గుతూ 2006లో కంపెనీ దివాలా తీసింది. అటు కాలిఫోర్నియాలో రాయ్ అలెన్ 1919లో లోడై అనే ఊళ్ళో రూట్ బీర్ (పేరులో బీర్ ఉన్నా మందు లేని తీపి సోడా) అమ్మడం మొదలుపెట్టి, 1922లో ఫ్రాంక్ రైట్‌ని పార్ట్‌నర్‌గా చేర్చుకుంటే వాళ్ళ ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో ఏ అండ్ డబ్ల్యూ అయింది, దానికి 1960ల నాటికే రెండు వేలకి పైగా షాపులు ఉండేవి. ఈ ఏ అండ్ డబ్ల్యూ పేరు గుర్తుపెట్టుకోండి, కింద దీంతో పనుంది.

ఇక దెబ్బ ఎక్కడ పడిందంటే, ఇంట్లోనే పడింది. మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు రిచర్డ్, మారిస్ 1940లో శాన్ బెర్నార్డినోలో పెట్టింది కూడా కార్‌హాప్‌లున్న మామూలు డ్రైవ్-ఇన్నే, బాగా నడుస్తోంది కూడా. కానీ వాళ్ళకి విసుగొచ్చింది: కుర్రాళ్ళు ఒక్క కోక్ కొనుక్కుని గంటలు గంటలు పార్కింగ్ లాట్‌లోనే ఉంటారు, ప్లేట్లూ గ్లాసులూ పగులుతాయి, పోతాయి, కార్‌హాప్‌లు పక్క షాపు నాలుగు డబ్బులు ఎక్కువిస్తే వెళ్ళిపోతారు. 1948లో షాపు కొన్నాళ్ళు మూసేసి, ఇరవై మంది కార్‌హాప్‌లనీ తీసేసి, మెనూని తొమ్మిది ఐటమ్స్‌కి తగ్గించి, పింగాణీ బదులు కాగితం పెట్టి, కిటికీ దగ్గరకి మీరే నడిచి రండి అని డిసెంబర్‌లో మళ్ళీ తెరిచారు, హాంబర్గర్ పదిహేను సెంట్లు. మొదట్లో జనం కార్లో కూర్చుని హారన్లు కొట్టారట, ఎవరూ రాకపోయేసరికి తిట్టుకుని వెళ్ళిపోయారట. కొన్ని నెలలకి అదే జనం లైన్లో నిలబడ్డారు. అంటే గిరాకీ లేక చచ్చిపోలేదు డ్రైవ్-ఇన్, వచ్చిన గిరాకీ లేవకుండా కూర్చోవడం వల్ల చచ్చిపోయింది, ఇది చాలా మంది తిరగేసి చెప్తారు.

తర్వాతివి చకచకా చెప్పేస్తా. 1956లో ఇంటర్‌స్టేట్ హైవేల (రాష్ట్రాల్ని కలిపే పెద్ద రోడ్ల) చట్టం వచ్చింది, నలభై ఒక్క వేల మైళ్ళ కొత్త రోడ్లు, పాత రోడ్డు మీద ట్రాఫిక్ అంతా పక్కకి తప్పుకుంది. ముప్పై కార్లు నిలబెట్టడానికి అరెకరం పైన స్థలం కావాలి, ఊరు పెరిగి ఆ స్థలానికి రేటు పెరిగాక బర్గర్లమ్మి దాని పన్ను కట్టడం కన్నా అమ్మేయడం నయం. లాట్‌లో కుర్రాళ్ళ గొడవలు, రేసులు, చుట్టుపక్కల ఇళ్ళ వాళ్ళ కంప్లయింట్లు, దాంతో కొన్ని ఊళ్ళలో రాత్రిపూట ఊరికే కారేసుకుని తిరగడం మీదే రూల్స్ పెట్టారు. 1973 చివర్లో పెట్రోల్ కటకట వచ్చాక సరదాకి తిరగడం అనేదే తగ్గింది. చివరికి 1975లో అరిజోనాలో సియెర్రా విస్టా అనే ఊళ్ళో మెక్‌డొనాల్డ్స్ తన మొదటి డ్రైవ్-త్రూ కిటికీ తెరిచింది, దాని వెనక కథ భలే ఉంటుంది, పక్కనే ఫోర్ట్ వాచూకా సైనిక స్థావరం, డ్యూటీ యూనిఫామ్‌లో ఉన్న సైనికులు బయట కారు దిగకూడదని రూలు, సరే మీరు దిగొద్దు మేమే కిటికీలోంచి ఇస్తాం అన్నారు. కారు దిగకుండా తినాలన్న కోరిక అలాగే ఉంది, అక్కడే కూర్చోవడం మాత్రం పోయింది.

ఎక్కడ వెతకాలి

పై కథంతా తిరగేస్తే అడ్రస్ దొరుకుతుంది. ఇంటర్‌స్టేట్ పక్కన తప్పుకున్న పాత యూఎస్ హైవే మీద, స్థలం రేటు పెద్దగా పెరగని చిన్న ఊళ్ళో, స్థలం ఆ కుటుంబానిదే అయ్యుండి అద్దె కట్టక్కర్లేని చోట. పెద్ద సిటీ నడిబొడ్డున ఉంటే మాత్రం దాదాపు ప్రతిసారీ ఆ చివరి కారణమే ఉంటుంది. రాష్ట్రాల్లో అయితే ఒహాయో, ఇండియానా, విస్కాన్సిన్, మిషిగన్ వైపు ఎక్కువ దొరుకుతాయి, అవతల టెక్సస్, ఓక్లహోమా.

మ్యాప్స్‌లో "డ్రైవ్-ఇన్" అని కొడితే సినిమా హాళ్ళూ, పేరులో మాత్రమే డ్రైవ్-ఇన్ అని ఉన్న మామూలు బర్గర్ షాపులూ, అన్నీ కలిసి వస్తాయి. పేరు చూసి నమ్మొద్దు. ఒక మంచి దారి ఏంటంటే "రూట్ బీర్" అని వెతకడం. ఎందుకంటే పాత ఏ అండ్ డబ్ల్యూ షాపులు కొన్ని కంపెనీ నుంచి విడిపోయి, బోర్డు మార్చుకుని, అదే పందిరి కింద అదే రూట్ బీర్ వ్యాపారం సొంత పేరుతో నడుపుకుంటున్నాయి. విస్కాన్సిన్‌లో ఆష్‌కాష్‌లో విన్నెబేగో సరస్సు పక్కన ఉన్న ఆర్డీ అండ్ ఎడ్స్ అలాంటిదే, 1948లో ఏ అండ్ డబ్ల్యూగా మొదలైంది, ఇప్పటికీ స్కేట్స్ మీద తెచ్చిస్తారు.

తర్వాత ఫోటోలు చూడండి, షాపు వాళ్ళు పెట్టినవి కాదు, కస్టమర్లు పెట్టినవి. కిటికీకి తగిలించిన ట్రే ఫోటో ఒక్కటి కనపడినా చాలు, పక్కా. రివ్యూల్లో కార్‌హాప్ అనో, లైట్లు వేస్తే వస్తారు అనో ఉందేమో వెతకండి, అదీ ఈ ఏడాది రివ్యూల్లో, ఎందుకంటే కోవిడ్ టైమ్‌లో కార్‌హాప్‌ని ఆపేసి కిటికీ దగ్గరే ఇవ్వడం మొదలుపెట్టిన చోట్లు కొన్ని మళ్ళీ వెనక్కి రాలేదు. గూగుల్ మ్యాప్స్ స్ట్రీట్ వ్యూలో (వీధి ఫోటోలు చూపించేది) పాత సంవత్సరాల బొమ్మలు కూడా చూడొచ్చు, 2007 నుంచీ ఉంటాయి కొన్ని చోట్ల, పందిరి ఏ ఏడాది దాకా ఉందో, ఎప్పుడు పీకేశారో తెలిసిపోతుంది.

నేరుగా పేర్లు కావాలంటే ఇవి. చికాగోలో సూపర్‌డాగ్, 1948 నుంచి ఒకే కుటుంబం నడుపుతోంది, కప్పు మీద రెండు పెద్ద హాట్‌డాగ్ బొమ్మలుంటాయి, ఒకటి మగ ఒకటి ఆడ, దూరం నుంచే కనపడతాయి, ఆర్డర్ స్పీకర్లో చెప్పాలి, తెచ్చేది మాత్రం మనిషే. ఒహాయోలో ఆక్రన్ దగ్గర మొదలైన స్వెన్సన్స్, 1934, ఇక్కడ కుర్రాళ్ళు నడవరు, పరిగెడతారు, నిజంగా పరుగే, చలికాలంలో కూడా, నాకైతే అది చూడ్డానికే వెళ్ళొచ్చనిపిస్తుంది. ఇండియానాపొలిస్ రేస్ ట్రాక్ ఉన్న స్పీడ్‌వేలో మగ్-ఎన్-బన్. డల్లాస్‌లో నార్త్‌వెస్ట్ హైవే మీద కెల్లర్స్, 1965 నాటిది, కారు దగ్గరకే బీరు కూడా తెస్తారు (తాగినవాళ్ళు డ్రైవ్ చేయొద్దు, మూత తీసిన సీసా కార్లో పెట్టుకుని రోడ్డెక్కితే టెక్సస్‌లో కేసు, అది వేరే చెప్పక్కర్లేదనుకోండి). కాలిఫోర్నియా బర్బాంక్‌లో బాబ్స్ బిగ్ బాయ్, 1949లో వేన్ మెకాలిస్టర్ డిజైన్ చేసిన బిల్డింగు, కార్‌హాప్ సర్వీసు వారాంతం సాయంత్రాలు మాత్రమే, శుక్రవారాలు పాత కార్లవాళ్ళంతా లాట్‌లో చేరతారు. పిగ్ స్టాండ్ ఎలా ఉండేదో చూడాలంటే శాన్ ఆంటోనియోలో బ్రాడ్‌వే మీద ఒక్కటి దివాలా తర్వాత కూడా బతికింది, అక్కడే ఏళ్ళ తరబడి పనిచేసినావిడ తీసుకుని నడిపించింది, కాకపోతే అది లోపల కూర్చుని తినే చోటు. అట్లాంటాలో ద వర్సిటీ 1928 నాటిది, సైజు చూస్తే మతి పోతుంది గానీ కారు దగ్గరకి సర్వీసు ఉందో లేదో ఆ రోజు కనుక్కుని వెళ్ళడం మంచిది.

మరి సోనిక్ సంగతేంటి అంటారా, అడుగుతారని తెలుసు. మూడు వేలకి పైగా షాపులున్న చైన్ అది, 1953లో ఓక్లహోమాలో షానీ అనే ఊళ్ళో ట్రాయ్ స్మిత్ పెట్టిన టాప్ హ్యాట్ అనే డ్రైవ్-ఇన్ నుంచి వచ్చింది, లూసియానాలో ఎక్కడో ఆర్డర్లకి స్పీకర్లు పెట్టడం చూసి వచ్చి తన దగ్గరా పెట్టాడు, టాప్ హ్యాట్ పేరు వేరేవాళ్ళు ముందే రిజిస్టర్ చేసుకున్నారని 1959లో సోనిక్ అని మార్చారు. పందిరి ఉంది, కార్‌హాప్ ఉంది, కాబట్టి డ్రైవ్-ఇన్ కాదని అనలేం. కానీ ఇప్పుడు చాలా చోట్ల కాగితం సంచీలో చేతికిచ్చేస్తారు, పక్కనే డ్రైవ్-త్రూ లైను, యాప్‌లో ఆర్డరు, కూర్చుని తినేవాళ్ళు తక్కువ. దగ్గర్లో ఇంకేం లేకపోతే వెళ్ళండి, పిల్లలకి పద్ధతి తెలుస్తుంది.

వెళ్ళేముందు ఫోన్ చేయండి

ఇది మాత్రం వదలొద్దు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఉన్నవాటిలో చాలావరకు సీజన్ షాపులు, మార్చిలోనో ఏప్రిల్లోనో తెరిచి సెప్టెంబర్, అక్టోబర్‌కి మూసేస్తారు, మ్యాప్‌లో "ఓపెన్" అని చూపిస్తూనే ఉంటుంది. ఫోన్‌లో మూడు అడగండి: ఈ రోజు కార్‌హాప్ సర్వీసు ఉందా, కార్డు తీసుకుంటారా, పందిరి ఎత్తెంత. మూడోది ఎందుకంటే కప్పు మీద లగేజ్ బాక్స్ కట్టుకుని ట్రిప్‌కి వెళ్ళేవాళ్ళం మనవాళ్ళలో ఎక్కువ, ఆ పందిళ్ళు 1950ల నాటి సెడాన్ల కోసం వేసినవి, కొన్ని మరీ కిందకుంటాయి. పెద్ద వ్యాన్ అయితే పందిరి బయట లైనులో పెట్టుకోమంటారు, అక్కడికీ వస్తారు.

శుక్ర, శనివారం రాత్రులు సందడి బాగుంటుంది కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళు వారం మధ్యలో సాయంత్రం ఐదు గంటలకి వెళ్తే కార్‌హాప్‌తో రెండు ముక్కలు మాట్లాడే తీరిక దొరుకుతుంది.

కారు ఆపాక

లోపలికి ఎంట్రన్స్ ఒకవైపు, ఎగ్జిట్ ఇంకోవైపు ఉంటాయి, బాణాలు చూసి వెళ్ళండి, కార్ల మధ్య ట్రేలు పట్టుకుని మనుషులు తిరుగుతుంటారు కాబట్టి నడక వేగం దాటొద్దు. స్టాల్‌లో (ఒక కారు పట్టే చోటు) కారు ముక్కు ముందుకి పెట్టి ఆపండి, రివర్స్‌లో పెట్టే అలవాటున్నవాళ్ళు ఇక్కడ మానుకోండి, మెనూ బోర్డు ముందుంటుంది.

ఇప్పుడు పిలవడం. స్పీకర్ ఉంటే బటన్ నొక్కి చెప్పడమే. స్పీకర్ లేని చోట "లైట్లు వేస్తే సర్వీస్" అని బోర్డుంటుంది, అంటే హెడ్‌లైట్లు వేస్తే వస్తారు, వాళ్ళు వచ్చాక ఆపేయాలి, అయిపోయాక మళ్ళీ వేస్తే ట్రే తీసుకెళ్తారు. కొత్త కార్లతో తంటా ఇక్కడే వస్తుంది, లైట్ల మీట "ఆటో"లో ఉంటే పందిరి నీడకి కారు రాగానే దానంతటదే లైట్లు వెలుగుతాయి, మీరింకా మెనూ చూస్తూనే ఉంటారు, పాపం ఆ పిల్లో పిల్లాడో పరిగెత్తుకొచ్చి నిలబడతారు. అందుకని లోపలికి వస్తూనే ఆటో తీసేసి చేత్తో ఆఫ్ చేసుకోండి. హారన్ మాత్రం కొట్టొద్దు, ఎంత ఆలస్యమైనా.

ట్రే గురించి కొంచెం ఎక్కువ చెప్తా, మొదటిసారి అందరూ కంగారు పడేది దీనికే. అల్యూమినియం ట్రే, దానికి ఒక పక్క రెండు కొక్కేలు, రబ్బరు తొడుగుతో, అవి అద్దం అంచు మీద కూర్చుంటాయి, కిందనుంచి ఒక కాలు లాంటిది వచ్చి డోరుకి ఆనుకుంటుంది, దాని చివరా రబ్బరే. అద్దం పూర్తిగా దించేస్తే కొక్కేలకి పట్టు దొరకదు, మరీ ఎత్తితే ట్రే మీ మొహం దగ్గరకొస్తుంది, రెండు మూడు అంగుళాల అద్దం పైకి కనపడేలా ఉంచండి, సరిపోకపోతే కార్‌హాప్ వేలితో చూపిస్తారు ఇంకాస్త పైకి, ఇంకాస్త కిందకి అని. వాళ్ళు తగిలించి, ఒకసారి అరచేత్తో కిందకి నొక్కి చూసి, అప్పుడు చెయ్యి వదుల్తారు. ఆ క్షణం నుంచీ అద్దం బటన్ ముట్టుకోకూడదు. వెనక సీట్లో పిల్లలుంటే విండో లాక్ ముందే వేసేయండి, లేదంటే నాలుగు మగ్గుల రూట్ బీరు మీ ఒళ్ళో ఉంటుంది. ఫ్రేమ్ లేని డోర్లున్న కార్లు కొన్నుంటాయి కదా, డోరు తెరవగానే అద్దం దానంతటదే కొంచెం కిందకి దిగే రకం, వాటిలో ట్రే ఉండగా ఆ డోరు తెరవనే తెరవొద్దు, దిగాలంటే అవతలి వైపు నుంచి దిగండి. మామూలు కారైనా అంతే అనుకోండి, ట్రే బరువుతో డోరు ఊపితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అద్దానికి కొత్తగా సన్ ఫిల్మ్ వేయించి ఉంటే ముందే చెప్పండి, కొన్ని చోట్ల ట్రే మానేసి చేతికిస్తారు.

అందరి తిండీ ఒకే ట్రే మీద డ్రైవర్ వైపు వస్తుంది, అంటే డ్రైవరే వడ్డించాలి. సాస్‌లు, టిష్యూలు ముందే పక్క సీటుకి పాస్ చేసి, తాగేవి ఆఖర్న తీయండి, ఎందుకంటే బరువైన మగ్గులన్నీ ఒకేసారి ఒక పక్కనుంచి తీసేస్తే ట్రే ఒరుగుతుంది.

ఇంజన్ ఆపండి. ఎండగా ఉంది ఏసీ కావాలి అనిపిస్తుంది, తెలుసు, కానీ పందిరి కింద పది ఇంజన్లు ఆన్‌లో ఉంటే ఆ పొగంతా కార్ల మధ్య తిరిగే పిల్లలు పీల్చాలి. ట్రే లేని కిటికీలన్నీ దించుకుంటే పందిరి కింద గాలి బాగానే ఆడుతుంది, అసలు అందుకే వేశారు దాన్ని.

ఏం తినాలి, మనకి ఏం కుదురుతుంది

మాంసం తినేవాళ్ళకి చెప్పేదేం లేదు, ఏ షాపుకి ఏది పేరో అది అడిగి తీసుకోండి, స్వెన్సన్స్‌లో గ్యాలీ బాయ్ అని రెండు సాస్‌ల చీజ్‌బర్గర్, పైన ఆలివ్ గుచ్చి ఇస్తారు. బీఫ్ తినని వాళ్ళు మాత్రం చూసుకోవాలి, హాట్‌డాగ్ అంటే చాలా చోట్ల బీఫే, కోనీ సాస్ అని పైన వేసేది కూడా మాంసమే, చిల్లీ అన్నారు కదా అని మిరపకాయ అనుకోకండి.

శాకాహారులకి గ్రిల్డ్ చీజ్, ఆనియన్ రింగ్స్, ఫ్రైస్, ఫ్లోట్ (రూట్ బీర్‌లో ఐస్‌క్రీమ్ వేసింది). కానీ "ఏ నూనెలో వేయిస్తారు" అని అడగండి, మొహమాటపడొద్దు, పాత షాపుల్లో కొందరు ఇప్పటికీ జంతువుల కొవ్వే వాడతారు, మెక్‌డొనాల్డ్సే 1990 దాకా ఫ్రైస్‌ని బీఫ్ కొవ్వులో వేయించింది. కూరగాయల నూనె అని చెప్పినా అదే నూనెలో చికెన్ కూడా వేస్తారా అనేది రెండో ప్రశ్న. గ్రిల్డ్ చీజ్ కాల్చేది బర్గర్లు కాల్చే పెనం మీదే. ఇవన్నీ పట్టింపున్నవాళ్ళు రూట్ బీర్ ఫ్లోట్‌తో సరిపెట్టుకోవడం ఉత్తమం, అదేం తక్కువ కాదు.

రూట్ బీర్‌లో మందు ఉండదు, పేరు చూసి పెద్దవాళ్ళు భయపడతారు కాబట్టి చెప్తున్నా. ఒకప్పుడు సాసఫ్రాస్ చెట్టు వేరు వేసి చేసేవాళ్ళు, అందులో సాఫ్రోల్ అనే పదార్థం ఉంటుందని 1960లో అమెరికా ప్రభుత్వం దాన్ని ఆహారంలో నిషేధించింది, అప్పట్నుంచి వేరే ఫ్లేవర్లతో చేస్తున్నారు. మొదటి గుటకకి మనలో చాలామందికి నొప్పుల బామ్ వాసన తగుల్తుంది, నిజం. ఐస్‌క్రీమ్ వేసిన ఫ్లోట్ అయితే అది తెలియదు, అందుకే ఫ్లోట్‌తో మొదలుపెట్టండి. ప్లాస్టిక్ కప్పు వద్దని గాజు మగ్గులో అడగండి, ఫ్రీజర్లో పెట్టి తీస్తారు, బయట మంచు పొర కట్టి ఉంటుంది. ఆ మగ్గు బాగుంది కదా అని కార్లో పెట్టుకుని వచ్చేయకండి, ఈ వ్యాపారాన్ని ముంచినవాటిలో అదీ ఒకటి, నచ్చితే అడగండి, చాలా షాపులు అమ్ముతాయి.

టిప్

బిల్లు మీద ఇరవై శాతం, వీలైతే క్యాష్. అమెరికాలో టిప్ వచ్చే ఉద్యోగాలకి కేంద్ర చట్టం ప్రకారం యజమాని గంటకి కనీసం ఇవ్వాల్సింది 2.13 డాలర్లే, మిగతాది టిప్పుల్లోంచి పూడాలి, ఆ అంకె 1991 నుంచి మారలేదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, మినెసోటా లాంటి కొన్ని రాష్ట్రాల్లో పూర్తి కనీస వేతనం ఇవ్వాలి, అయినా సరే ఇవ్వండి. ఫ్లోట్ ఒక్కటే తాగి గంట కూర్చుంటే శాతం లెక్క చూసుకోవద్దు, ఆ గంటలో మీ స్టాల్‌లో ఇంకో రెండు కార్లు తినిపోయేవి, ఆ టిప్పులు ఆ కార్‌హాప్ పిల్లకి రాకుండా పోయాయి. తిన్న తర్వాత కాసేపు కూర్చోవచ్చు, అసలు అందుకే కదా వెళ్ళింది, కాకపోతే వెనక కార్లు ఎదురుచూస్తుంటే ఇంకో రౌండ్ ఏదైనా చెప్పండి లేదా లేవండి.

వెళ్ళేటప్పుడు ట్రే తీశారా లేదా కళ్ళతో చూసి, అప్పుడు గేర్ వేయండి. చెత్త అంతా ట్రే మీదే పెట్టేయొచ్చు, గాలికి ఎగిరే కాగితాల మీద మగ్గు పెట్టండి.

వెళ్ళేసరికి మూతపడి ఉంటే

చాలాసార్లు ఇదే జరుగుతుంది, అప్పుడు కూడా చూడ్డానికి ఉంటుంది. ఒకసారి కన్ను అలవాటైతే పాత రోడ్ల మీద చచ్చిపోయిన డ్రైవ్-ఇన్‌లు వరసగా కనపడతాయి. పెద్ద తారు స్థలం, దాని మధ్యలో సరిపోని చిన్న బిల్డింగు, దానికి రెండు పక్కలా రెక్కల్లా సాగిన సన్న స్తంభాల రేకు పందిరి, అది ముందుకి ఏటవాలుగా లేచి ఉంటుంది. కింద సమాన దూరాల్లో కోసేసిన ఇనప గొట్టాల మోళ్ళు ఉంటే అవి స్పీకర్ స్తంభాలు. రోడ్డు పక్క బిల్డింగుకి మించిన ఎత్తున్న బోర్డు స్తంభం, బోర్డు మీద ఇప్పుడు వేరే పేరు. లోపల ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కార్ల షాపో టైర్ల షాపో టాకోల షాపో ఉంటుంది, ఈ మూడిట్లో టాకోల షాపయితే అదృష్టం, పందిరిని వాడుతూ ఉంటారు, పీకరు. పాత పిజ్జా హట్ కప్పుని చూసి పొరపడకండి, అది వేరే జాతి.

ఏ పేరుతో ఉండేదో తెలుసుకోవాలంటే ఆ ఊరి పబ్లిక్ లైబ్రరీలో పోల్క్ సిటీ డైరెక్టరీలు అడగండి, వీధి నంబర్ల వారీగా ఏ ఏడాది ఏ షాపు ఉందో ఉంటుంది, ఏడాది ఏడాదికీ తిరగేస్తే ఎప్పుడు తెరిచారో ఎప్పుడు పేరు మారిందో బయటపడుతుంది. ఇంట్లో కూర్చుని చూడాలంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో జాన్ మార్గోలీస్ ఫోటోలున్నాయి, ఆయన 1969 నుంచి 2008 దాకా అమెరికా రోడ్ల మీద తిరిగి ఇలాంటి బిల్డింగులు, బోర్డులు తీసిన స్లైడ్లు పదకొండు వేలకి పైగా, ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. రాష్ట్రం, ఊరు పేరుతో వెతకండి, మీరున్న ఊళ్ళో పోయిన డ్రైవ్-ఇన్ అందులో దొరికే అవకాశం బాగానే ఉంది.

మీరు ఫోటోలు తీస్తే పందిరి కింది వైపు, స్తంభం రోడ్డుని కలిసే చోటు, బోర్డు వెనక వైపు తీయండి, ముందు వైపు అందరూ తీస్తారు. లోపల వ్యాపారం నడుస్తుంటే ఒక మాట అడిగి తీయండి. ఫైల్ పేరులో వీధి నంబరు, తేదీ పెట్టి కాపీ ఒకటి ఆ కౌంటీ హిస్టారికల్ సొసైటీకి మెయిల్ చేయండి, ఎందుకంటే చారిత్రక కట్టడాల జాతీయ రిజిస్టర్‌లో పెట్టాలంటే మామూలుగా యాభై ఏళ్ళు దాటి ఉండాలి, డ్రైవ్-ఇన్‌లన్నీ ఆ వయసు ఎప్పుడో దాటేశాయి, కానీ పాత రూపం ఎంత మిగిలిందో చూపించే ఫోటోలు లేకపోతే అప్లికేషన్ ముందుకి కదలదు, పైగా రిజిస్టర్‌లో పేరెక్కినా ప్రైవేటు యజమాని సొంత డబ్బుతో పడగొట్టుకుంటే కేంద్రం ఆపలేదు, ఆపగలిగేది ఆ ఊరి రూల్స్ మాత్రమే, కాబట్టి మెయిల్ పంపేటప్పుడు సిటీ ప్లానింగ్ ఆఫీసుకి కూడా ఒక కాపీ పెట్టండి.